తూర్పువీధి గోడకు పూసిన వార్నీషు

హిందూపురం, 2025 ఫిబ్రవరి 15, శనివారం.

చిలమత్తూరు మండలంలో వేరుశనగ పండించిన పెద్దప్ప అనే రైతు చిన్న కొడుకును, వేణుగోపాల్ అనే పేరు గలవాడిని, వయసు డెబ్బై ఒకటి, వృత్తి సర్కారు భవనాలకూ సంఘాల భవనాలకూ గోడల మీద బొమ్మలు వేయడం, ప్రస్తుతం హిందూపురంలో కాపురం ఉంటున్నవాడిని, నా తర్వాత నాకున్నది ఎవరికి ఎలా చెందాలో ఈ కాగితాల మీద రాసి పెడుతున్నాను. బుద్ధి స్థిరంగానే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందనీ, ఈ నెల ఇరవై ఒకటిన బెంగళూరులో ఆపరేషన్ చేసి సరిచేస్తామనీ డాక్టర్లు చెప్పారు. అక్షరాలు అక్కడక్కడా వణికితే అది జబ్బు వల్ల కాదు, భయం వల్ల. భయపడుతూ రాసిన వీలునామా చెల్లుతుందా అని లాయరు స్వప్నను అడిగాను. "భయం లేనోళ్లు వీలునామా ఎందుకు రాస్తారు సార్" అంది. ఆమె ఇచ్చిన నమూనాలోని మాటలు కొన్ని వాడుకున్నాను. మిగతావి నావి.

1. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా ఒకటి తెచ్చి చూపిస్తే అది దొంగది. దీనిని అమలు జరిపే బాధ్యత పెనుకొండలో డ్రాయింగు టీచరుగా ఉన్న నా కూతురు సుచిత్రది. కొడుకు కేశవ ఉండగా కూతురికెందుకు అని ఎవరైనా అంటే, తొమ్మిదో అంశం దాకా చదవమనండి.

2. హిందూపురంలో మేముంటున్న ఇల్లు, మిద్దె మీది రేకుల గదితో సహా, నా భార్య ప్రేమలతకు సర్వహక్కులతో చెందాలి. ఆమె తదనంతరం ఆమె ఇష్టం. ప్రేమలత పుట్టింటివాళ్లు ధర్మవరంలో మగ్గాలవాళ్లు. నలభై నాలుగేళ్ల కిందట పెళ్లిమాటలకు పోతే ఆమె అన్న "సున్నాలు కొట్టేవానికి పిల్లనిస్తామా" అన్నాడు. సున్నం కొట్టడానికీ గోడ మీద బొమ్మ వేయడానికీ తేడా ఏమిటో గంటసేపు చెప్పాను. ఆయన వినలేదు, లోపలి గదిలోంచి ప్రేమలత విన్నది. ధర్మవరంలో నేను బొమ్మలు వేసిన తూర్పువీధి గోడ మీద పడుగు దారాలు సవరిస్తున్న ఆడమనిషి ముఖం ఆమెదే. ముక్కు పెద్దగా వచ్చిందని ఇరవై తొమ్మిదేళ్లుగా అంటోంది. నేను కాదంటూ వచ్చాను. ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను, ముక్కు పెద్దగానే వచ్చింది.

3. చిలమత్తూరు దగ్గర పిత్రార్జితంగా నా వాటాకు వచ్చిన రెండున్నర ఎకరాల మెట్ట కేశవకు దఖలు పడాలి. తూర్పు గట్టును మా అన్న నాగరాజు 1989లో మూడు సాళ్ల మేర మా వైపు జరిపాడు. అడిగితే "వానకు గట్టు తెగిపోయింటే మళ్ల ఏసినాము, అట్ల పడిండాది" అన్నాడు. వానకు మా అన్న మీద అంత ప్రేమ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా కేశవ ఆ మూడు సాళ్ల కోసం కోర్టుకు పోరాదు. వాటి వల్ల మేమిద్దరం ముప్పై ఆరేళ్లలో పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ తప్ప మాట్లాడుకోలేదు, అది చాలు.

మా అమ్మ రత్నమ్మ కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్న పెన్సిలు బొమ్మ నా పెట్టెలో ఉంది. ఆమెకు ఫోటో లేదు, ఉన్నదల్లా ఆ బొమ్మే. అన్న రెండుసార్లు అడిగాడు, నేను ఇవ్వలేదు. నా తర్వాత అది నాగరాజుకు ఇవ్వాలి. దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోవాలి. పై అరలో పడేయరాదు.

4. హిందూపురంలో కేశవ నడుపుతున్న ఫ్లెక్సు ప్రింటింగు అంగడి వాడి స్వార్జితం. దాని మీద నాకు హక్కు లేదు. నోరు మాత్రం ఉంది, దాన్ని బాగా వాడాను. ఊరంతా పుట్టినరోజు ముఖాలు వేలాడదీశావని తిట్టాను. కేశవా, నీ అంగడి బోర్డు మీది అక్షరాలు నువ్వు చేత్తో రాసుకున్నావు. చాలా బాగా రాశావు. ఆ దారిన పోయినప్పుడల్లా చూసేవాడిని, నీకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

5. నా పనిముట్లన్నీ సుచిత్రకు: రంగులు నూరే రాళ్లు రెండు, ఉడుత వెంట్రుకల కుంచెలు, ఎర్రరాళ్లూ పసుపుమట్టీ ఉన్న డబ్బాలు, సూదితో చిల్లులు పొడిచిన కాగితాల కట్ట. ఆ కాగితాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో తడితే గీత గోడ మీదికి దిగుతుంది, అది సుచిత్రకు ఎనిమిదేళ్లప్పుడే తెలుసు. లేపాక్షి గుడిలో వెల్లకిలా పడుకుని కప్పు మీది బొమ్మలు చూడటం కూడా నేనే నేర్పాను. మెడనొప్పి కూడా నా నుంచే వచ్చింది, క్షమించాలి.

6. నేను వేసిన గోడలు ఇరవై మూడు. అవి నా ఆస్తి కావు, ఏ ఊరివి ఆ ఊరివి. ఒకప్పుడు పదిమంది వచ్చిపోయే భవనం కడితే ఒక గోడ బొమ్మకని వదిలేవారు. పునాది రోజున మేస్త్రీ, వడ్రంగి, నేనూ పక్కపక్కన నిలబడి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. ఇప్పుడు ఆ గోడ మీద ఏసీ మిషను ఉంటుంది. ఇరవై మూడులో మిగిలినవి మూడు. హిందూపురంలో ఒక లైబ్రరీ గది గోడ ఉంది, దాని మీద ట్యూబులైటు బిగించడానికి బొమ్మలోని ఒక రైతు నుదుట మేకు కొట్టారు. పెనుకొండలో ఒక బడి వరండా ఉంది, అక్కడ ఏనుగు తొండం పిల్లల చేతులు తగిలి తగిలి నల్లబడింది. దాన్ని తుడవవద్దు, అది ఏనుగుకు అందమే. మూడోది తూర్పువీధి గోడ. నేను నిద్రపోలేకపోతున్నది దాని గురించే, ఆపరేషన్ గురించి కాదు.

7. ధర్మవరం తూర్పువీధి నేతగాళ్ల సంఘం సభామందిరంలో ఉత్తరపు గోడ. పొడవు నలభై రెండు అడుగులు, ఎత్తు పదకొండు. 1996లో వేశాను. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో మొదలై, పెనుకొండ కొండ కిందుగా బండి మీద పట్టు పోయి, ధర్మవరం మగ్గం మీద చీరై, చివర ఒక పెళ్లికూతురి ఒంటి మీదికి చేరుతుంది. అందులోని అరవై ముఖాలూ ఆ వీధివాళ్లవే. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. "మా వీధిలో పెళ్లయితే మొదటి శుభలేఖ గోడ మీది తాత పాదాల దగ్గర పెడతాం" అని వాళ్లు చెబుతుంటే వింటూ ఉంటాను.

ఆ గోడకు గార పూసినవాడు సుంకన్న మేస్త్రీ. తడి గార మీద బొమ్మ వేసే పనిలో గార మేస్త్రీది, రంగు నాది, గోడ ఇద్దరిదీ. సున్నాన్ని ఆరు నెలలు నానబెట్టాడు. కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ తానే చూసి కలిపాడు. ఏ రోజుకు ఆ రోజు నేను వేయగలిగినంత ముక్కకే పొద్దున్నే గార పూసేవాడు, అది ఆరేలోపు నేను రంగు వేయాలి. ఎంత పూయాలి అని నన్ను అడిగేవాడు కాదు. నా ముఖం చూసి పూసేవాడు. నాకు జ్వరం తగిలిన రోజు నేను నోరు విప్పకముందే మూరెడు పూసి చెయ్యి కడుక్కున్నాడు.

8. ఇప్పుడు రాసేది నా భార్యకు కూడా తెలియదు.

2002లో ఆ సంఘానికి రజతోత్సవం జరిగింది. పెద్దవాళ్లు వస్తున్నారని అప్పటి కార్యదర్శి నన్ను పిలిపించి, "బొమ్మలు బాగుండాయి గానీ మెరుపు లేదప్పా. పట్టు నేసేవాళ్ల గోడ పట్టు మాదిరి మెరవాల కదా" అన్నాడు. సున్నం గోడ మెరవదు. అది గాలి పీల్చి తేమ వదిలే గోడ, దాని మీద మూత పెట్టరాదు. పదహారేళ్లప్పటి నుంచీ ఇది నాకు తెలుసు. తెలిసీ, బల్లలకూ తలుపులకూ పూసే వార్నీషు కొని తెచ్చి రెండు రోజుల్లో గోడంతా పూశాను. కార్యదర్శి అడిగినందుకు కాదు, నాక్కూడా మెరవాలనిపించింది. ఆ ఊరికి అల్లుణ్ని. పట్టు పుట్టే ఊళ్లో మెరవని వస్తువంటే లోకువ. ఉత్సవం రోజున ప్రేమలత అన్న గోడ ముందు నిలబడి "ఇప్పుడు సూడబుద్ధయితాండాది" అన్నాడు. సున్నాలు కొట్టేవాడన్న నోటితోనే అన్నాడు. ఆ రోజు ఇంటికి పాడుకుంటూ వచ్చాను.

రెండు వానాకాలాలు గడిచాయి. గోడ లోపలి తేమకు బయటికి దారి లేక తెల్లగా పొక్కింది. ముఖాల మీద పొరలు లేచాయి. 2005లో ఒక ఇంజనీరు చూడటానికి వచ్చాడు. నలుగురి ముందూ నన్ను అడిగాడు, లోపం రంగులో ఉందా, గారలో ఉందా అని. "గారలోనే అయి ఉంటుంది" అన్నాను. సుంకన్న గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఏదో కాగితం రాసి అతని ముందు పెట్టారు. అతను నా వైపు చూశాడు. "పెట్టు, ఏం కాదులే" అన్నాను. చదవకుండా సంతకం పెట్టాడు. నాసిరకం గార వేసినట్టు ఒప్పుకోలు అది. ఆ తర్వాత మా మూడు ఊళ్లలో ఏ భవనానికీ అతన్ని పిలవలేదు. భార్యను తీసుకుని బెంగళూరు పోయి పద్నాలుగేళ్లు వేరేవాళ్ల ఇళ్లలో బండలు పరిచాడు. ఇప్పుడు చిలమత్తూరు దగ్గర గొర్రెలు మేపుకుంటున్నాడు. నేను మాత్రం అటు తర్వాత కూడా నాలుగు గోడలు వేశాను, రెండు శాలువాలు కప్పించుకున్నాను.

9. మొన్న జనవరిలో సంఘం తీర్మానం చేసింది. గార చెడిపోయింది కాబట్టి గోడంతా గీకేసి, పుట్టీ పెట్టి, పాత బొమ్మ ఫోటోను వినైల్ మీద అచ్చువేసి అంటిస్తారు. శివరాత్రి వెళ్లాక మార్చి మూడు, సోమవారం పొద్దున గీకుడు మొదలు. అచ్చువేసే పని నా కొడుకు కేశవకే వచ్చింది. వాడు సంతోషంగా వచ్చి "నాయనా, నీ బొమ్మే, ఇంకా బాగా మెరుస్తాది, వాన పడినా ఏం కాదు" అన్నాడు. నోరు తెరిచాను. "మంచిదే" అన్న మాట వచ్చింది.

గార చెడిపోలేదు. కిందటి కార్తీకంలో ఆ గోడ చూసే నెపంతో పోయి, ఇనుప బీరువా వెనక జానెడు మేర స్పిరిటూ టర్పెంటూ కలిపి దూదితో తుడిచాను. పచ్చ రవిక ఒకటి వేసిన రోజున ఎలా ఉందో అలాగే బయటపడింది. వేలి కణుపుతో కొట్టి చూశాను. బోలు చప్పుడు లేదు, రాయి మీద కొట్టినట్టు ఉంది. కింద రెండు అడుగులు దక్కకపోవచ్చు, మిగతా గోడ దక్కుతుంది. చెడిందల్లా నేను పూసిన పొర. బీరువా వెనక ఆ జానెడు ఇప్పటికీ ఉంది, ఎవరైనా జరిపి చూసుకోవచ్చు.

10. కాబట్టి నా ఆదేశం. మా ఇళ్లలో వీలునామా దినాలయ్యాక గానీ తెరవరు. ఇరవై ఒకటిన ఆపరేషన్ బల్ల మీదే నేను పోతే పదకొండో రోజు సరిగ్గా మార్చి మూడు అవుతుంది. ఇక్కడ నాకు పిండం పెడుతుంటే అక్కడ గోడను గీకుతుంటారు. అందుకని నా శవం బెంగళూరు దాటకముందే ఈ కవరు తెరవాలి. ఏడుపులు తర్వాత. సుచిత్ర ఈ కాగితాలు తీసుకుని నేరుగా ధర్మవరం పోవాలి. తుడిచేటప్పుడు పైనుంచి కిందికి రావాలి, అరచేతంత మేర చాలు, దూది మురికి పట్టగానే మార్చాలి, వానాకాలంలో ముట్టరాదు. గోడ మూలన నా పేరు ఉన్న చోట దాని పైన సుంకన్న పేరు రాయాలి. అతను 2005లో గడప దగ్గర వదిలి వెళ్లిన గార నునుపు చేసే చెక్క నా దగ్గరే ఉంది, అది అతనికి చేర్చాలి. ఇది దానం కాదు, ఎవరి సొమ్ము వారికి ఇవ్వడం. కేశవా, నీకు వచ్చిన పని పోతుంది. నన్ను తిట్టుకో.

11. ఆదివారం మధ్యాహ్నం. పై అంశం రాసి మనసు తేలికపడి అన్నానికి కూర్చున్నాను. ముద్ద కలుపుతుంటే తట్టింది. ఆపరేషన్ బాగా జరిగితే? నూటికి తొంభై మంది బాగానే లేస్తారట, డాక్టరు నవ్వుతూ చెప్పాడు. నేను లేస్తే ఈ కవరు ఎవరూ తెరవరు. బెంగళూరులో పాలూ బ్రెడ్డూ తింటూ పడుకుని ఉంటాను, మార్చి మూడున అరవై ముఖాలూ నేల మీద పొడి అవుతాయి. నేను చచ్చిపోతేనే గోడ మిగిలేట్టు రాసుకున్నాను. ఇరవై ఏళ్లు చెప్పలేని మాటను నా శవం చేత చెప్పించాలని చూశాను. ప్రేమలత వచ్చి "ఏమయ్యా, అట్ల చెమట పడ్తాండాదే" అంది. ఏమీ లేదన్నాను. ఇంత పిరికివాణ్నని ఈ కాగితం రాసేదాకా నాకే తెలియదు.

పోయినవారం సుంకన్నకు ఫోను చేసి, సాక్షి సంతకానికి రమ్మన్నాను. సాక్షికి లోపలి సంగతులు తెలియాల్సిన పని లేదు, సంతకం పెట్టడం చూస్తే చాలు అని స్వప్న చెప్పింది. ఆ మాట పట్టుకునే పిలిచాను. అతని చేయి ఈ కాగితం మీద పడాలి, అతను మాత్రం చదవరాదు అనుకున్నాను. ఇదీ రాసి పెడుతున్నాను.

12. సోమవారం సుంకన్న చిలమత్తూరు బస్సులో వచ్చాడు. స్వప్న ఆఫీసులో కాగితాలు ముందు పెట్టి, చివరి పేజీ తిప్పి, ఇక్కడ పెట్టాలి అని చూపించాను. అతను జేబులోంచి కళ్లద్దాలు తీసి తగిలించుకుని "సదవకుండా సంతకం పెట్టనప్పా, ఒగసారి పెట్టి సూసినా" అన్నాడు. మొదటి పేజీ నుంచీ మొదలుపెట్టాడు. గట్టు సంగతి దగ్గర ఒకసారి నవ్వాడు. ఏడో అంశం దగ్గర వేలు పెట్టుకుని నిదానంగా చదివాడు. ఎనిమిదో అంశం రెండుసార్లు చదివాడు. నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను.

అయిపోయాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని అన్నాడు: "నాకు తెలుసప్పా. పొక్కిన ఏడాదే ముట్టి సూసినా. సున్నం గోడ సల్లగా ఉండాల, అది జిగటగా ఉన్నింది. నువ్వు సెప్తావేమోనని ఆ పొద్దు గడప కాడ నిలబడుకొన్నా. మళ్ల ఇరవై ఏండ్లు సూసినా." నేను ఏదో అనబోయాను. చేయి అడ్డం పెట్టాడు. "ఇది నువ్వు సచ్చినాక సదివే కాయితం. నేను బతికే ఉండాను కదా. ఆడికి పో. ఆ గోడ ముందర నిలబడుకొని సెప్పు. సెప్పినాక ఆడనే పెడ్తా సంతకం." కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి బస్టాండుకు వెళ్లిపోయాడు.

ఈ రోజు బుధవారం, ఫిబ్రవరి పందొమ్మిది. పదకొండు గంటలకు తూర్పువీధి సభామందిరంలో, నేను కబురు పంపితే వచ్చిన పదిహేడు మంది సంఘంవాళ్ల ముందు నిలబడ్డాను. ప్రేమలత, సుచిత్ర, కేశవ, సుంకన్న వెనక కూర్చున్నారు. ఎనిమిదో అంశం చూసి చదవడం మొదలుపెట్టి, సగంలో కాగితం దించి నోటితోనే చెప్పాను. ప్రేమలత అన్న లేచి వెళ్లిపోయాడు. గోడ మీద భర్త ముఖం ఉన్న ఒక ముసలామె మాత్రం ముందుకు వచ్చి "మా ఆయప్ప మొగాన్ని గీకరు కదా సామీ" అని అడిగింది. కేశవ లేచి వెళ్లి బీరువా జరిపాడు. పచ్చ రవిక చూశాడు. సుంకన్న గోడ మీద నాలుగు చోట్ల కొట్టి చూపించాడు. కేశవ సంఘం ఇప్పటి కార్యదర్శి ప్రమోద దగ్గరికి పోయి తన పని రద్దు చేసుకుంటున్నానని చెప్పాడు. నా వైపు చూడలేదు. ఇంకా చూడలేదు.

ప్రమోద అందరితో మాట్లాడి తేల్చి చెప్పింది. ఎండాకాలం అయ్యేదాకా గోడను గీకరు. ఆ లోపల ఒక బొమ్మను పూర్తిగా తుడిచి చూపించాలి. రంగు నిలిస్తే గోడ ఉంటుంది, ఊడివస్తే గీకేస్తారు. తుడిచేది ఎవరు అని అడిగారు. సుచిత్ర చేయి ఎత్తింది. సుంకన్న ఒప్పుకోలేదు. "పూసినోడే తుడవాల. నేను నిచ్చెన పట్టుకుంటా" అన్నాడు.

ఎల్లుండి ఆపరేషన్. లేచాక ఆరు వారాలు చేయి పైకెత్తరాదట, అంటే ఏప్రిల్ నెల. వానలకు ముందు నాకు దక్కేది రెండు నెలలు. జానెడు తుడవడానికి నాకు ఒక పూట పట్టింది. లెక్క వేసుకుంటుంటే గుండె దడదడలాడుతోంది, డాక్టరు వద్దన్నదీ అదే. పది, పదకొండు అంశాలను రద్దు చేయడం లేదు, నేను లేవకపోతే అవే అమలు కావాలి. కానీ నాలుగు రోజుల కిందట చావుకు అన్నీ సర్దుతూ మొదలుపెట్టిన ఈ కాగితంలో, స్వప్న నమూనాలో ఎక్కడా లేని మాట ఒకటి రాయాలని ఉంది. నాకు బతకాలని ఉంది. చాలా ఉంది.

ఇందులోని పన్నెండు అంశాలూ నా చేతి రాతే. చదివి, ఒప్పుకుని, ఈ కింది ఇద్దరి కళ్లెదుట సంతకం చేస్తున్నాను.

ధర్మవరం, తూర్పువీధి సభామందిరం
2025 ఫిబ్రవరి 19, బుధవారం

(సంతకం) వేణుగోపాల్

సాక్షులు:

1. ప్రమోద, కార్యదర్శి, తూర్పువీధి నేతగాళ్ల సంఘం.

2. సుంకన్న, తాపీ మేస్త్రీ. మొత్తం సదివినాను. నిజమే.